అంగారకునిపై ఏకాదశి

గుడిమల్కాపూరు అనగానే హైదరాబాదు వాసులకు ముందుగా పూలు జ్ఞాపకం వస్తాయి. జాంబాగు పూలబజారు అక్కడికి తరలినది మొదలు, బంతి, చామంతి, గులాబి, కనకాంబరం తెల్లవారకముందే గోతాలలోను గంపలలోను వచ్చి దిగే చోటు అది. ఝాంసింగు కట్టించిన బాలాజీ ఆలయము, దాని ప్రక్కనే మసీదు, సందులలో పాతకాలపు ఇండ్లు, వాటి మధ్య లేచిన కొత్త అంతస్తులు. ఇట్టి పేటలో నివసించే ఒక తెలుగు కథకుడు వంటింటి ప్రక్క గదిలో కూర్చుండి, అంగారక గ్రహము మీద మల్లెతీగ ప్రాకునా ప్రాకదా అని లెక్కలు వేసుకొంటున్నాడంటే వినువారికి నవ్వు రావచ్చును. కాని ఆ లెక్కల వెనుక ఒక సాహిత్యశాఖ ఉన్నది, ఒక కష్టమైన జీవనము ఉన్నది, మన భాషకు సంబంధించిన ఒక చిక్కు కూడా ఉన్నది. వాటిని గురించి నాలుగు మాటలు విన్నవించుట మా ఉద్దేశము.

ఈ కథకునికి మేము పేరు పెట్టము. ఆయన మేము ఊహించుకొన్న మనిషి. ఆయన చుట్టూ చెప్పబోవు సంగతులు మాత్రము ఊహలు కావు. పగలు ఏదో కార్యాలయములో ఉద్యోగము, తెల్లవారుజామున వ్రాత, స్వంత సొమ్ముతో అచ్చు. ఈ తరహా రచయితను పాశ్చాత్యులు స్వతంత్ర రచయిత అని నేడు ఒక ప్రత్యేక వర్గముగా చెప్పుకొంటున్నారు. మనకు ఇందులో క్రొత్తదనమేమీ లేదు. ఇల్లాలి గాజులు కుదువపెట్టియో, భవిష్యనిధి నుండి అప్పు తీసియో పుస్తకము అచ్చొత్తించుకొన్న కవులు, కథకులు మన ప్రతి జిల్లాలోను ఉన్నారు. స్వాతంత్ర్యమనే ఆ గౌరవము తెలుగు రచయితకు కోరకుండానే చాలాకాలముగా లభించుచున్నది.

ఈ విధమైన కథను తెలుగులో ఏమని పిలువవలెనో ఇంకను స్థిరపడలేదు. వైజ్ఞానిక కల్పన అని కొందరు, విజ్ఞాన కల్పన అని కొందరు, సైన్సు ఫిక్షను అని పెక్కుమంది అంటారు. పేరు ఏదైనను ధర్మము ఒక్కటే. కథకుడు లోకములో లేని సంగతి ఒకటి, మహా అయితే రెండు, ఉన్నవని పట్టుకొనవచ్చును. ఆ పైన జరుగునదంతయు ప్రకృతి నియమములకు లోబడి జరుగవలెను. విశ్వనాథ సత్యనారాయణగారి ‘హాహాహూహూ’లో గంధర్వుడొకడు లండను నగరములో పడుతాడు. అది పురాణలోకము నుండి దిగిన పాత్ర కనుక విజ్ఞాన కల్పన కాదని వాదింపవచ్చును. అయితే, అన్యలోకవాసి దిగితే మనవారు ఏమి చేయుదురు అను ప్రశ్న మాత్రము అచ్చముగా ఈ శాఖదే. యండమూరి వీరేంద్రనాథ్‌గారు ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ వంటి నవలలతో ఈ ప్రశ్నలను వారపత్రికల పాఠకుల ఇంటింటికి చేర్చినారు. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ కాలయంత్రమును ఎక్కించి శ్రీకృష్ణదేవరాయల సభకు తీసుకొనిపోయినప్పుడు, పల్లెటూరి ప్రేక్షకుడు కూడ తికమకపడలేదు. కనుక తెలుగువారికి ఈ కథలు రుచించవను మాట మేము అంగీకరింపము.

రేడియో ఉన్న ఇంటివారికి ఈ శాఖతో ఒక బంధుత్వము కలదు. ఇది అంతగా ప్రచారములో లేని సంగతి. ఈ కథలకు ప్రత్యేకముగా మొదటి పత్రికను 1926 ఏప్రిలులో అమెరికాలో ప్రారంభించిన హ్యూగో గెర్న్స్‌బాక్ మొదట రేడియో సామగ్రి వర్తకుడు. లక్సెంబర్గు నుండి 1904లో వలసవచ్చి, వైర్‌లెస్ సెట్ల విడిభాగములను టపా ద్వారా అమ్మినాడు. ఆ సామగ్రి కొనువారికొరకు పత్రికలు నడిపినాడు. ఆ పత్రికలలో సందు దొరికినచోట రానున్న కాలపు యంత్రములను గూర్చి కథలు వేసినాడు. ఇంటి మేడమీద తీగ కట్టి, దూరపు ఊరి పాట వినగలిగిన మనిషికి, దూరపు గ్రహము వార్త వినవలెనని కోరిక పుట్టుట సహజమే గదా. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ బృందము కుజగ్రహవాసుల దండయాత్రను వార్తల బాణీలో నాటకముగా ప్రసారము చేసినప్పుడు కొందరు శ్రోతలు నిజమని భయపడినారు. దేశమంతయు వీధులలోనికి పరుగెత్తినదని మరునాటి పత్రికలు వ్రాసినవి. అది మిక్కిలి పెంచి చెప్పిన మాటయని తరువాతి పరిశోధకులు తేల్చినారు. రేడియోకు ప్రకటనలు పోవుచున్నవని పత్రికలవారికి ఉన్న ఉక్రోషము కూడ అందులో కొంత కలదు.

మరియొక ఉదాహరణము మన రాష్ట్రమునకే సంబంధించినది. ఆర్థర్ సి. క్లార్క్ కథకుడుగా పేరు పొందకముందు, 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ అను సాంకేతిక పత్రికలో ఒక వ్యాసము వ్రాసినాడు. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక కృత్రిమోపగ్రహమును నిలిపినచో, అది భూమితోపాటు ఒక దినములో ఒక చుట్టు తిరుగును. క్రింద నుండి చూచువారికి కదలనట్లే ఉండును. అట్టివి మూడు ఉన్నచో భూగోళమునందు దాదాపు అంతటికి ప్రసారములు అందించవచ్చును. ఆ వ్యాసమునకు ఆయనకు ముట్టినది 15 పౌనులు. పేటెంటు తీసుకొననందున కోట్లు పోగొట్టుకొన్నానని ఆయనయే తరువాత హాస్యమాడినారు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరముపాటు అమెరికా అరువిచ్చిన అట్టి ఉపగ్రహము ద్వారానే మన దేశములో ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు అందినవి. ఆ ఆరింటిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ముప్పది ఏండ్ల క్రితపు 15 పౌనుల ఊహ మన పల్లెల చావడులలో బొమ్మయై కదలినది.

ఇక మన గుడిమల్కాపూరు కథకుని దినచర్య. నాలుగు గంటలకు లేస్తాడు. నియమము కోసము కాదు, పూలబండ్ల హారనులు ఆ సమయమునకు ఎవరినైనను లేపుతాయి. నల్లా నీళ్లు వచ్చే దినమైతే మొదటి అరగంట బిందెలకు పోతుంది. తరువాత రెండు గంటలు ఆయనవి. ఆ మీద ఆఫీసు, బస్సు, కూరలు, పిల్లల ఫీజు. ఇది తక్కువ జీవితమని ఎవరైనా జాలిపడినచో వారికి ఆక్టేవియా బట్లర్‌ను గూర్చి చెప్పవలెను. అమెరికాలో ఈ శాఖలో అగ్రశ్రేణికి చేరిన ఈ నీగ్రోజాతి రచయిత్రి — నేటి మర్యాద ప్రకారము ఆఫ్రికన్ అమెరికన్ అనవలెను — అంట్లు తోముట, ఆలుగడ్డ వేపుళ్ల కార్ఖానాలో సరుకు పరీక్షించుట వంటి పనులు చేయుచు, రాత్రి రెండు గంటలకు లేచి వ్రాసుకొన్నది. 1995లో మెకార్థర్ ఫెలోషిప్పు లభించినప్పుడు ఆ గౌరవము పొందిన మొదటి విజ్ఞాన కల్పనాకారిణి ఆమెయే.

ఆ రెండు గంటలలో మన కథకుడు వ్రాయునది తక్కువ, లెక్కించునది ఎక్కువ. ఒక ఉదాహరణము చూడుడు. ఆయన కథలో తల్లి గుడిమల్కాపూరులో ఉన్నది, కొడుకు అంగారక గ్రహము మీద ఉద్యోగములో ఉన్నాడు. తల్లి రేడియో ముందు కూర్చుండి “అన్నం తిన్నావా, నాయనా?” అని అడిగినది. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. చంద్రుని వద్దకైతే సెకనున్నర పట్టదు. అంగారకుడు భూమికి మిక్కిలి దగ్గరగా వచ్చినప్పుడు దూరము సుమారు ఐదున్నర కోట్ల కిలోమీటర్లు. మిక్కిలి దూరమైనప్పుడు 40 కోట్లు. అనగా తల్లి మాట చేరుటకు మూడు నిమిషముల నుండి ఇరువది రెండు నిమిషముల వరకు పట్టును. “తిన్నానమ్మా” అన్న జవాబు తిరిగి వచ్చుసరికి ఆరు నిమిషములైనను, నలుబది నాలుగు నిమిషములైనను కావచ్చును. అప్పటికి పొయ్యి మీది పాలు పొంగి పోవును. ఇట్టి కుటుంబములో మాటకు మాట ఉండదు. జగడములో కూడ ఒకరు చెప్పినదంతా రెండవవారు వినక తప్పదు. ఇది చూచుటకు సంభాషణవలె ఉన్నను ప్రసారము వంటిది. ఈ చిన్న లెక్క తెలియని కథకుడు ఆ తల్లీకొడుకుల చేత ఫోనులో వలె గలగల మాట్లాడించును; తెలిసినవానికి కథయే మారిపోవును.

అంతకన్న రుచికరమైన చిక్కు పంచాంగముది. అంగారకుని దినము 24 గంటల 39 నిమిషములకు కొంచెము పైన. సంవత్సరము మన 687 దినములు. కనుక అక్కడ ఉగాది ఋతువును బట్టి చేసినచో దాదాపు రెండేండ్లకొకసారి వచ్చును, డెబ్బది ఏండ్ల బామ్మకు ముప్పదియేడు ఏండ్లు మాత్రమే నిండును. ఇంతవరకు సంతోషమే. తిథి మాటకు వచ్చునప్పటికి తల తిరుగును. సూర్యుని నుండి చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరుగుటకు పట్టు కాలమే గదా తిథి. అంగారకునికి చంద్రులు ఇద్దరు: ఫోబోస్, డీమోస్. ఫోబోస్ ఏడు గంటల 39 నిమిషములలో ఒక చుట్టు తిరుగును. గ్రహము తన చుట్టు తాను తిరుగుటకన్న ఇది వేగము కాబట్టి ఆ చంద్రుడు పడమట ఉదయించి తూర్పున అస్తమించును. దానిని బట్టి లెక్కించితే ఒక తిథి పదునైదు నిమిషములు. ఏకాదశి ఉపవాసము కాఫీ చల్లారులోపల ముగియును, ద్వాదశి పారణకు కూరలు తరుగు వ్యవధి కూడ ఉండదు. రెండవ చంద్రుని నమ్ముకొన్నచో తిథి సుమారు ఒక గంట. ఏ చంద్రుని పంచాంగము శాస్త్రసమ్మతము? లేక ఇద్దరిని విడిచి, భూమి నుండి హైదరాబాదు పంచాంగమును రేడియోలో తెప్పించుకొనవలెనా?

ఇది వట్టి చమత్కారమని త్రోసివేయరాదు. తిథి స్థానిక సూర్యోదయమును బట్టి నిర్ణయమగును కనుక, అమెరికాలోని మన తెలుగువారు కొన్ని పండుగలు ఇక్కడికన్న ఒక దినము ముందో వెనుకనో జరుపుకొంటారు. అక్కడి నగరములకు వేరువేరుగా పంచాంగములు కట్టించుకొంటున్నారు. పందొమ్మిదవ శతాబ్దిలో కూలికి మారిషసు పోయినవారి సంతతి ఉగాదిని నేటికి నిలుపుకొన్నది; అక్కడ అది ప్రభుత్వపు సెలవుదినము. ఇల్లు విడిచిన మనిషి ఏ చంద్రుని చూచి పండుగ చేయవలెనను తగవు మన వలసకుటుంబములకు అనుభవములోనిదే. కథకుడు దానిని 40 కోట్ల కిలోమీటర్ల దూరమునకు సాగదీసినాడు. దూరము పెరిగినకొలది దారము ఎక్కడ తెగునో స్పష్టముగా కనిపించును.

మరి మల్లెతీగ? అంగారకుని మీద బరువు భూమిమీది బరువులో వందకు 38 వంతులు. సూర్యకాంతి సగమునకు లోపు. గాలి ఒత్తిడి మనదానిలో వందవ వంతు కూడ లేదు. మట్టిలో పెర్‌క్లోరేటులను లవణములున్నట్లు 2008లో ఫీనిక్సు అను అన్వేషక నౌక కనుగొన్నది. కాబట్టి బయట ఏదీ మొలవదు; మూసిన ఇంటిలో, కడిగిన మట్టిలో, దీపముల క్రింద పెంచవలెను. అసాధ్యము కాదు. భూమి చుట్టు తిరుగు అంతర్జాతీయ కేంద్రములో 2016 జనవరిలో జిన్నియా పువ్వు పూచినది. మధ్యలో తేమ ఎక్కువై ఆకులకు బూజు పట్టగా, పంకా పెట్టి ఆరబెట్టి కాపాడినారు. గుడిమల్కాపూరులో గంపలోని చామంతికి ముసురు దినములలో చేసే ఉపచారము ఇదే. ఏ గ్రంథాలయములోను దొరకని ఈ వివరము కథకునికి ఇంటి ముందు బజారులోనే లభించినది. ఈ పేటలో కాపురముండుటకు ఇంత లాభము ఉన్నదని ఇంటి యజమానికి తెలిసిన అద్దె పెంచునేమో.

లెక్కలు తప్పక పాటించవలెనా అని అడుగువారున్నారు. ఆండీ వియర్ అను అమెరికా కథకుడు ‘ది మార్షియన్’ నవలను ప్రకరణము వెంట ప్రకరణముగా ఉచితముగా పంచిపెట్టి, 2011లో తానే అతి తక్కువ వెలకు అమ్మినాడు. శాస్త్రము తెలిసిన పాఠకులు తప్పులు చూపుచుండగా దిద్దుకొన్నాడు. తరువాత పెద్ద ప్రచురణకర్తలు వచ్చినారు, 2015లో సినిమా వచ్చినది. అయినను కథకు మూలమైన తుపాను మాత్రము అబద్ధము: అంత పలుచని గాలి మనిషిని పడద్రోయజాలదు. ఆ సంగతి రచయితకు తెలియును. తెలిసియే ఉంచినానని ఒప్పుకొన్నాడు. మా అభిప్రాయములో ఇది క్షమింపదగినదే. తెలిసి ఆడిన అబద్ధము ఒకటి కథను నడుపును. తెలియక వ్రాసిన అబద్ధములు పది కథను కూల్చును.

మన దేశములో ఈ వ్రాత నిన్న మొన్నటిది కాదు. జగదీశచంద్ర బోసు 1896లో, తలనూనె సీసా ఒకటి తుపానును శాంతింపజేసిన కథను బెంగాలీలో వ్రాసి బహుమతి పొందినారు. ఆ పోటీ పెట్టినది ఒక తలనూనె వర్తకుడు. రోకియా బేగం ‘సుల్తానా స్వప్నము’ 1905లో వెలువడినది: స్త్రీలు సూర్యుని వేడిమిని పట్టి రాజ్యమేలుదురు, పురుషులు జనానాలో ఉందురు. దానిని అచ్చువేసిన మద్రాసు ఇంగ్లీషు పత్రికకు సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమహేంద్రవరపు ఆడపడుచు. ఇక మన నగరములోనే నవాబు జఫర్ జంగు తన స్వంత సొమ్ముతో ఇంగ్లండు నుండి పెద్ద దూరదర్శిని తెప్పించి 1901లో వేధశాల నెలకొల్పినాడు. ఆయన పోయిన తరువాత 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించినది. ఏ ఉపయోగమునకని అడుగక ఆకాశమునకు సొమ్ము వెచ్చించిన పిచ్చి హైదరాబాదుకు పాతదే.

మాటల కొరత గూర్చి చెప్పకున్న ఈ వ్యాసము పూర్తికాదు. కథకుడు ప్రతి వాక్యము వద్ద ఆగవలసి వచ్చును. వ్యోమనౌక అనవలెనా, రాకెట్టు అనవలెనా? కాలిఫోర్నియాలో ఆచార్యులుగా ఉండి తెలుగులో విజ్ఞానరచనలు, కథలు వ్రాసిన వేమూరి వేంకటేశ్వరరావుగారు కంప్యూటరుకు కలనయంత్రము వంటి మాటలు కూర్చి నిఘంటువు కట్టినారు. కొన్ని నిలిచినవి, కొన్ని నిలువలేదు. మాటలకు అది సహజము. మరమనిషి అను మాట మాత్రము ఎవరు చెక్కినారో గాని ముచ్చటైనది. చెక్ రచయిత కారెల్ చాపెక్ తన 1920 నాటి నాటకములో వాడిన రోబో శబ్దమునకు మూలము ‘రోబొతా’, అనగా వెట్టి. తెలంగాణములో వెట్టి అను మాట బరువు ఎవరికీ వివరింపనక్కరలేదు. జీతము లేక, మారుమాటాడక, యజమాని పని చేయువాడు తిరుగబడినచో ఏమగునను ఆ నాటకపు ప్రశ్న, ఇంగ్లీషు పాఠకునికన్న మన పల్లె ముదుసలికి త్వరగా అర్థమగును. మన మాటలో వ్రాసినప్పుడే ఆ అర్థము పలుకును.

అసలు చిక్కు ఇదియే. రేపటి లోకమును గూర్చిన కథలన్నియు ఇంగ్లీషులోనే చదివిన బాలుడు, తెలుగు అనునది బామ్మల కథలకు, పెండ్లిపిలుపులకు మాత్రమే పనికివచ్చు భాషయని నమ్మును. ఎవరును అట్లు చెప్పనక్కరలేదు, తానే నమ్మును. ‘ఆకాశవాణి’ అను మాటనే చూడుడు. పురాణములలో కంసునికి వినిపించిన అశరీరవాణి అది. 1935లో మైసూరు కేంద్రమునకు ఆ పేరు పెట్టినారు. 1957 నుండి దేశమంతటికి అదే పేరైనది. నేడు ఆ మాట వినగానే దేవత జ్ఞాపకము రాదు, రేడియో పెట్టె జ్ఞాపకము వచ్చును. అంగారకుని మీది హైదరాబాదు యువకుడు తెలుగులో ఆలోచించి, నడుమ ఒక ‘నక్కో’, ఒక ‘హౌ’ పలుకరాదా? పలుకవలెననియే మేమందుము, గుడిమల్కాపూరు నుండి పోయినవాడు అట్లుకాక ఎట్లు మాట్లాడును?

ఇంతకును పుస్తకము మాట. ఐదువందల ప్రతులు అచ్చు. కాగితము, కూర్పు, ముఖచిత్రము అన్నియు ఆయన జీతము నుండియే. విక్రేతకు కమీషను పోగా మిగులునది అల్పము. స్నేహితులు కొనరు, సంతకము చేసి ఇమ్మందురు. డిసెంబరులో పుస్తక ప్రదర్శనకు బల్ల అద్దె కట్టలేక ఇంకొకరి బల్ల చివర పది ప్రతులు పెట్టుకొనును. ఆదివారము ఆబిడ్సు కాలిబాట మీద పాత పుస్తకములు వెదకుచుండగా, ‘ఆత్మీయులకు’ అని తాను వ్రాసియిచ్చిన ప్రతియే కంటబడుట ఈ వృత్తిలో సాధారణము. కొని ఇంటికి తెచ్చుకొనును. ఇల్లాలు మాత్రము, ఇల్లు కట్టుటకు పెట్టిన సొమ్ము అంగారకునిపై ఇల్లు కట్టుటకు పోయినదని ఒక్క మాట అని ఊరకుండును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. రెండవ పుస్తకము అచ్చువేయుటయా, కూతురి కళాశాల రుసుమా అను ప్రశ్న వచ్చినప్పుడు ఏది గెలువవలెనో ఆయనకు తెలియును. అందుచేతనే అనేక వ్రాతప్రతులు బీరువాలోనే ఉండిపోవుచున్నవి.

రేడియోకు ఇట్టి కథలు చౌక. సినిమాలో గ్రహాంతరమును చూపుటకు కోట్లు కావలెను. మాకు ఒక గొంతు, ఒక రేకు డబ్బా, ఒక పంకా చాలును. బి.బి.సి.లో 1978లో డగ్లస్ ఆడమ్స్ ప్రారంభించిన అంతరిక్ష హాస్యనాటిక మొదట వినికిడి కథయే. పుస్తకము, సినిమా తరువాత వచ్చినవి. మన కథకుని తల్లీకొడుకుల కథను నాటికగా మలచుటలో ఒక్కటే ఇబ్బంది: ఆమె ప్రశ్నకు జవాబు వచ్చులోపల గడచు ఆ నలుబది నాలుగు నిమిషములు. ప్రసారములో పది సెకనుల నిశ్శబ్దమే శ్రోత చేతిని మీట మీదికి పంపును. ఆ వ్యవధిలో ఏమి వినిపించవలెనని కథకుని అడిగినచో ఆయన వద్ద సమాధానము సిద్ధముగా ఉన్నది. ఆ తల్లి రేడియో ప్రక్కన కూర్చుండి మూరలకు పూలు కట్టుచుండును; పూలవాడు వీధిలో బేరమాడును; కుక్కరు మూడుసార్లు కూయును; ఆమె కొడుకు చిన్ననాటి జోలపాట సగము పాడి, మిగతాది మరచి, మరల మొదటినుండి ఎత్తుకొనును.